తెల్ల గుల్ల

ఇసుక కడగడమంటే అంట్లు తోమడంతో సమానమని మణిశంకర్ షాపుకి వచ్చేవాళ్ళంతా అనుకుంటారు. అనుకోనీ. ఏ పనైనా ఎదుటివాళ్ళు చేస్తున్నంతసేపూ తేలికే. బకెట్లో మూడో వంతుకి మించి పొయ్యకూడదు. పైపు అడుగుదాకా దించాలి. వేళ్ళు చాపి అడుగునుంచి పైకి తిప్పుతూ ఉండాలి. మురికి తేలీ తేలగానే వంచెయ్యాలి, ఆలస్యం చేస్తే మళ్ళీ కిందికి దిగుతుంది. గోదావరి ఇసుక పది నీళ్ళకి తేరుకుంటుంది. సముద్రపు గుల్లని నలిపిన పిండి అంత తొందరగా లొంగదు, ఇరవై నీళ్ళు మార్చినా పాలు కారుతూనే ఉంటుంది. ఎప్పుడు ఆపాలో చెయ్యి చెబుతుంది. గరుకు తప్ప మరేమీ వేళ్ళకి తగలకుండా పోయినప్పుడు ఆపాలి. తబిత పదకొండేళ్ళుగా రాజమండ్రిలో ఆ అక్వేరియం చేపల షాపు వెనక పంపు దగ్గర గొంతుక్కూర్చుని ఈ పని చేస్తోంది. ఆమె కుడిచేతి గోళ్ళు ఏనాడో అరిగి సగమయ్యాయి.

ఆ మంగళవారం మాత్రం ఆమె గిన్నెడు గుల్ల పిండిని షాపుకోసం కడిగినట్టు కడగలేదు, తనకోసం కడుక్కుంది. రావులపాలెం అవతల హైవే పక్కన సీతారామలక్ష్మి గారి స్కూలుంది. ముందు హాల్లో ఆరడుగుల గాజు తొట్టె పెట్టించారు. అందులో ఆఫ్రికా సిక్లిడ్ చేపలు వెయ్యాలని కరస్పాండెంటు గారైన ఆవిడకి పట్టుదల. కొలతలు తీసుకోవడానికి వెళ్ళిన రోజున ఆ చేపల గురించి తబిత చెప్పిన తీరు ఆవిడకి నచ్చింది. "మా ల్యాబ్ అటెండరు మానేశాడమ్మా. టెన్త్ పాసయ్యానన్నావు కదా? ఈ తొట్టె చూసుకుంటూ ల్యాబ్‌లో ఉంటావా?" అని అడిగారు. తొట్టె సవ్యంగా నిలబడితే సోమవారం నుంచే రమ్మన్నారు.

ల్యాబ్ అటెండరంటే మెళ్ళో ఐడీ కార్డు. కూర్చోడానికి ఎత్తు స్టూలు. పాదాలు ఆరి ఉంటాయి. తబితకి నలభై ఒకటి దాటాయి, కాలివేళ్ళ సందుల్లో ఏడాది పొడుగునా తడి పుండ్లు. షాపులో ఆమెని పేరుపెట్టి పిలిచేది మణిశంకర్ ఒక్కడే, వచ్చేపోయేవాళ్ళకి ఆమె 'ఇసుకావిడ'. ఇంటర్ చదువుతున్న కూతురు మెర్సీతో కూడా చెప్పకుండా ఆమె వారం రోజులుగా మనసులోనే ఆ స్టూలు మీద కూర్చుంటోంది.

కడిగిన పిండిని స్టీలు గిన్నెలో పోసుకుని మణిశంకర్‌తో స్కూలుకి వెళ్ళింది. సీతారామలక్ష్మి గారు గిన్నెలోకి చూశారుగాని వేలు పెట్టలేదు.

"ఇదేంటి, ఈ రంగేంటి?"

"గుల్ల నలిపిందండి. ఈ చేపలు పుట్టిన చోట నీళ్ళు సున్నం కలిసి గట్టిగా ఉంటాయి మేడం. మన గోదావరి ఇసుకలో సున్నం ఉండదు, మీ ఫిల్టర్ నీళ్ళలోనూ ఉండదు. అడుగున గుల్ల పరిస్తే అదే కొంచెం కొంచెం కరిగి నీళ్ళకి ఇస్తుంది. పైగా ఇవి పొద్దస్తమానం అడుగు తవ్వే చేపలండి. నోటినిండా తీసుకుని అవతల ఉమ్ముతాయి. రాళ్ళు పెద్దవైతే నోట పట్టవు, పలుకులు వాడిగా ఉంటే మూతులు చీరుకుపోతాయి."

"బాగా తెలుసే నీకు! ఎక్కడ దొరుకుతుంది ఇది?"

ఏదో కంపెనీ పేరు చెప్పేస్తే సరిపోయేది. ఆ తెలివి తబితకి లేదు. "కోళ్ళ దాణా అమ్మేచోటండి. గుడ్డు పెంకు గట్టిపడ్డానికి దాణాలో కలుపుతారు."

ఆవిడ నవ్వారు. ఎంత మర్యాదగా నవ్వారంటే గిన్నె పట్టుకున్న తబిత చేతులు వాటంతటవే కిందికి దిగాయి.

"కోళ్ళ మేత తెచ్చి నా హాల్లో పోస్తావామ్మా? చుట్టూ చూడు, ఎక్కడైనా మచ్చ ఉందా? సోమవారం పేరెంట్స్ వస్తారు. నాకు తెల్లగా కావాలి. మల్లెపూవులా ఉండాలి."

"పాలరాయి ముక్కలు వేసేద్దాం మేడం" అన్నాడు మణిశంకర్. అతనికి ఎవరేం అడిగినా వేసేద్దామనడమే వచ్చు.

పాలరాయి పలుకులు గాజు పెంకుల్లా ఉంటాయి. తబిత గబగబా అడ్డొచ్చింది. "వద్దండి. తెల్లదే తెస్తాను మేడం. మా నాన్నది సముద్రం ఒడ్డు ఊరు, గుల్ల వ్యాపారం. ఏరి తెస్తాను. శనివారం పొద్దున్నకల్లా మీ ముందుంటుంది."

"చూద్దాం" అన్నారావిడ. ఆ మాటలో సగం ఉద్యోగం ఉన్నట్టే తోచింది తబితకి.

*

సఖినేటిపల్లి దాటాక బస్సు దిగి, రొయ్యల చెరువుల గట్ల మీంచి నడిస్తే తబిత తండ్రి అప్పారావు సున్నపు బట్టీ వస్తుంది. బట్టీ అనడం పాత అలవాటుకొద్దీ అనడమే. గోడలకి సున్నం వేసేవాళ్ళు లేరు, రంగులొచ్చాయి. చెరువులవాళ్ళకి బస్తాల సున్నం లారీల్లో దిగుతోంది. బట్టీ నోటి దగ్గర గడ్డి మొలిచింది. గుల్ల రాశి మాత్రం అలాగే ఉంది, దాని పక్కనే తాటాకు పాకలో అప్పారావూ అలాగే ఉన్నాడు. డెబ్భై నాలుగేళ్ళు. ఎడమ కంట్లో శుక్లం. బస్తా సున్నమే కొని తడిపి, కిళ్ళీ కొట్లకి చిన్న డబ్బాల్లో పోస్తూ కాలక్షేపం చేస్తున్నాడు.

బుధవారం కూతురు పనిమీద రావడమే ఆయనకి వింత. తువ్వాలుతో మంచం దులిపాడు.

"చేపలకి ఇల్లు కడుతున్నారా? అందులో మన గుల్లా?" అని రెండుసార్లు అడిగాడు.

"అవును నాన్నా. పెద్ద స్కూల్లో. అది బాగుంటే నాకు అక్కడే ఉద్యోగం. ల్యాబ్‌లో."

"ఉద్యోగమా!" అప్పారావు రాశిలోంచి ఓ గుల్ల తీశాడు. చేతిలో గుల్లని అటూ ఇటూ తిప్పాడు. కూతురిని పదో తరగతి దాకా చదివించింది ఈ గుల్లే. తరవాత ఇసుక బకెట్ల దగ్గరికి పంపిందీ ఇదేనన్న దిగులు ఆయనకి ఉంది. "ఏమేం కావాలో చెప్పమ్మా. నేను చేసిపెడతాను."

"ఆ చేపలకి సున్నం కావాలి నాన్నా, సున్నం లేకపోతే బతకవు. పిండి మరీ మెత్తగా ఉండకూడదు, ఆవాలంత ఉండాలి. ముఖ్యంగా తెల్లగా ఉండాలి. ఆవిడకి మచ్చ కనపడకూడదు."

"సున్నం ఉండాలి, తెల్లగా ఉండాలి." పాఠం అప్పజెప్పినట్టు ముసలాయన తలూపాడు. "ఎంత?"

"రెండు బస్తాలు."

"శుక్రవారం రా. ఇవాళ రాశి మీద చెయ్యి పెట్టకు, నీ చీర పాడవుతుంది."

తబిత ఆ మాట వినలేదు. చీర ఎగ్గట్టి చీకటిపడేదాకా గుల్లలు ఏరింది. నల్ల చారలున్నవి ఒక వైపు, తెల్లవి ఒక వైపు. పక్కన కూర్చుని అప్పారావు అప్పుడప్పుడూ ఓ ముక్క తీసి నాలుక చివర తగిలించుకునేవాడు. ఆయనకి చిన్నప్పటినుంచీ అదే పరీక్ష. పచ్చి గుల్ల చప్పగా ఉంటుంది, కాలింది చురుక్కుమంటుంది. అరవయ్యేళ్ళ ఆ పరీక్షకి ఆయన నాలుక మొద్దుబారిపోయింది.

"ఇంకా ఎందుకు నాన్నా ఆ అలవాటు? నోరు పాడుచేసుకోడానికా?"

"నువ్వు మానేశావా?"

మానేసింది. షాపులో ఒకసారి పగడపు ముక్కని నాలుక మీద పెట్టుకుంటే కొనడానికి వచ్చినవాళ్ళు మొహాలు చిట్లించారు. "తబితక్కా, పరువు తియ్యకు" అని మణిశంకర్ వెనిగర్ సీసా తెచ్చిపెట్టాడు. వెనిగర్ చుక్క వేస్తే బుస్సుమని నురగ వస్తే సున్నం ఉన్నట్టు. శుభ్రమైన పద్ధతి, చదువుకున్న పద్ధతి.

శుక్రవారం వచ్చేసరికి రెండు బస్తాలూ మూతి కుట్టి సిద్ధంగా ఉన్నాయి. అప్పారావు జుట్టు నిండా తెల్లటి ధూళి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. తబిత ఒక బస్తా మూతి విప్పి చూసింది. ఆవాలంత పలుకులు, మధ్యమధ్య లేత గోధుమ రంగు, అంతకంటే ఎక్కువగా తెలుపు. ఏరినప్పుడు ఇంత తెల్లగా ఉన్నట్టు ఆమెకి గుర్తులేదు.

"ఎంత బాగా వచ్చింది నాన్నా! ఒక్కడివే దంచావా?"

"ఏముంది, తేలిగ్గానే నలిగింది" అన్నాడు అప్పారావు. ఆయన మొహంలో ఏదో గుట్టు దాచుకున్న సంబరం ఉంది. బస్సు టైమవుతోందని ఆమె అడగలేదు.

*

శనివారం స్కూల్లో క్లాసులు లేవు, పిల్లలు లేరు, మాస్టర్లు నలుగురైదుగురు హాల్లో తచ్చాడుతున్నారు. తబిత బస్తాలు పంపు దగ్గరికి ఈడ్చింది. ఆఫీసు పనులు చూసే గణేష్‌బాబు ఒక నీలం బకెట్టు తెచ్చిచ్చాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఫినాయిల్ వాసనండి, వద్దు" అని తిరిగి ఇచ్చేసింది. తను తెచ్చుకున్న రెండు తెల్ల బకెట్లూ తీసింది. గణేష్‌బాబుకి అది నచ్చలేదు. ఇచ్చిన వస్తువుని ఒక ఇసుకావిడ వాసన చూసి వెనక్కివ్వడం ఎవరికి నచ్చుతుంది!

కడగడానికి కూర్చుంటుంటే సీతారామలక్ష్మి గారే స్వయంగా వచ్చారు. చేతిలో కొత్త గ్లవ్స్ జత ఉంది, మోచేతుల దాకా వచ్చే పసుపుపచ్చవి.

"ఇవి వేసుకో. ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళు ఒట్టి చేతులు పెట్టకూడదు. ఇప్పటినుంచే అలవాటు చేసుకో."

తబిత వాటిని పూలదండ అందుకున్నట్టు అందుకుంది. ఆ సంతోషాన్ని తప్పుపట్టడానికి లేదు. గ్లవ్స్ చేతులతోనే బకెట్లు తిప్పింది. పన్నెండు నీళ్ళకి పాలలా వచ్చింది, ఇరవైకి మజ్జిగ తేటలా వచ్చింది. ఇరవై ఏడో బకెట్టుకి అడుగు కనిపించింది. చేతికి ఏం తెలుస్తోందో తెలియలేదు, రబ్బరు లోపల వేళ్ళు చెమటతో ఉన్నాయి. నీళ్ళు తేటగా కనిపించడంతో ఆపేసింది.

మాస్టర్లు చూస్తుండగా సాసర్లో చారెడు పిండి పోసి వెనిగర్ చుక్కలు వేసింది. బుస్సుమంది. సైన్సు మాస్టారు "భలే!" అన్నాడు. సీతారామలక్ష్మి గారు కళ్ళతోనే మెచ్చుకున్నారు. నాలుక చివర్న ఓ పలుకు తగిలించుకోవాలని తబితకి ఒక్క క్షణం అలవాటుగా అనిపించిన మాట నిజమే. అంతమంది ముందు, చేతులకి గ్లవ్స్‌తో, అటెండరు కాబోతున్న మనిషి ఆ పని ఎలా చేస్తుంది?

ముందు రాళ్ళు పేర్చాలి. తొట్టె అడుగున థర్మోకోల్ షీటు వేసి, కోరుకొండ వైపు నుంచి మణిశంకర్ తెప్పించిన నల్ల రాళ్ళని దానిమీద గుహల్లా నిలబెట్టింది. రాళ్ళు ముందు, పిండి తరవాత. పిండి మీద రాళ్ళు పెడితే చేపలు కింద తవ్వేస్తాయి, రాయి ఒరిగి గాజు పగులుతుంది. ఒక్కో రాయినీ పట్టుకుని ఊపి చూసింది. ఆ తరవాత చేటతో బియ్యం పోసినట్టు గుల్ల పిండిని రాళ్ళ చుట్టూ పరిచింది. వెనకవైపు నాలుగు వేళ్ళ ఎత్తు, ముందుకి వచ్చేసరికి రెండు వేళ్ళు. దానిమీద పళ్ళెం బోర్లించి, నీళ్ళ ధార పళ్ళెం మీద పడేలా పైపు పట్టుకుని గంటసేపు నిలబడింది. షాపులోని పాత తొట్టె నుంచి తెచ్చిన స్పాంజిని, అందులోని మేలుచేసే క్రిముల కోసం, ఫిల్టర్లో దూర్చింది. మధ్యాహ్నం నీళ్ళు తేరాక, క్షారం ఎంతుందో తెలియడానికి గాజు గొట్టంలో మందు చుక్కలు వేసి చూస్తే, రంగు అట్ట మీద సరిగ్గా ఉండాల్సిన గడికే వచ్చింది.

సాయంత్రం చేపలు వేశారు. ఇరవై నాలుగు. పసుపువి, నీలివి, నారింజ చారలవి. సంచుల్లోంచి బయటికి వచ్చిన అయిదు నిమిషాలకే ఓ పసుపు చేప తల కిందికి వంచి నోటినిండా తెల్ల గుల్ల ఎత్తుకుంది. అటు వెళ్ళి ఉమ్మింది. మళ్ళీ వచ్చింది. మణిశంకర్ ఫోన్లో వీడియో తీశాడు.

"చాలా బాగుంది తబితా" అన్నారు సీతారామలక్ష్మి గారు. "సోమవారం సర్టిఫికెట్లు పట్టుకురా. గణేష్‌బాబూ, ఈవిడ ఫొటో ఒకటి తీసి ఉంచు, ఐడీ కార్డుకి."

గోడ దగ్గర నిలబెట్టి గణేష్‌బాబు ఫొటో తీశాడు. తబిత గ్లవ్స్ విప్పడం మరిచిపోయింది.

ఆదివారం చర్చిలో ఆమె నోరు తెరిచి పాడింది. మామూలుగా పెదవులు కదుపుతుందంతే. పక్కనున్న మెర్సీ ఆశ్చర్యంగా తిరిగి చూసింది. "ఏంటమ్మా ఇవాళ?" అని గొణిగింది. తబిత అప్పుడు చెప్పేసింది. పాట మధ్యలోనే మెర్సీ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది.

*

సోమవారం ఎనిమిదిన్నరకి తబిత స్కూలు గేటు దగ్గరుంది. ఇస్త్రీ చీర, చేతిలో సర్టిఫికెట్ల కవరు. హాల్లో తొట్టె మీద ఎవరో తెల్ల దుప్పటి కప్పి ఉంచారు. అప్పటికే మణిశంకర్ వచ్చి ఉన్నాడు. అతను తబిత వైపు చూడలేదు.

ఆమె దుప్పటి అంచు పైకెత్తింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగు మల్లెపూవులా ఉంది. చేపలు పైన తేలుతున్నాయి, కొన్ని రాళ్ళ సందుల్లో పక్కకి ఒరిగి ఉన్నాయి. కళ్ళ మీద తెల్లటి పొర కట్టింది. ఒంటి మీది జిగురు చర్మం ఊడి దారాలుగా వేలాడుతోంది. ఒక్క పసుపు చేప మాత్రం మూలన నీటి పైకి మూతి పెట్టి నోరు తెరుస్తోంది, మూస్తోంది. తబిత కవరు కింద పడేసి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. బకెట్లోకి దించేలోపే అది కదలడం ఆపేసింది.

"నిన్న సెలవు. ఎవరూ చూసుకోలేదు" అన్నాడు గణేష్‌బాబు. "శనివారం ఈవిడ ఫినాయిల్ బకెట్టు పట్టుకోవడం నేను చూశాను మేడం. నాకప్పుడే అనుమానమొచ్చింది."

"అది మీరే ఇచ్చారండి. నేను వెనక్కిచ్చేశాను" అంది తబిత.

"ఇచ్చావో, కడిగాకే ఇచ్చావో!"

సీతారామలక్ష్మి గారు అరవలేదు. అరిచినా బాగుండేది. "పోనీలెండి, జరిగిపోయింది. అరగంటలో పేరెంట్స్ వస్తారు, దుప్పటి తియ్యకండి." తరవాత తబిత వైపు తిరిగారు. "తప్పుగా అనుకోకమ్మా. ల్యాబ్‌లో యాసిడ్ సీసాలుంటాయి. పిల్లలు తిరిగేచోటు. ఇంత అజాగ్రత్త ఉన్న మనిషికి ఎలా అప్పగించను?"

తెల్లగా కావాలన్నది ఎవరో ఆ హాల్లో ఎవరికీ గుర్తు రాలేదు. తబిత మణిశంకర్ వైపు చూసింది. పదకొండేళ్ళలో తను ఒక్క చేపనైనా బకెట్టు మురికితో చంపలేదని చెప్పగలిగింది అతనొక్కడే. అతను గాజు గొట్టంలో నీళ్ళు తీసి చుక్కలు వేసి చూస్తున్నాడు. అట్ట మీద ఉన్న ఆఖరి గడినీ దాటి ముదురు ఊదా రంగు వచ్చింది. అతను ఆ గొట్టాన్ని గబుక్కున వంపేసి, అట్ట మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా మనిషి పొరపాటేనండి" అన్నాడు. "కొత్త చేపలు నేనేస్తాను. ఈసారి నేనే దగ్గరుండి చూసుకుంటాను మేడం."

బయటికి వచ్చాక గొంతు తగ్గించాడు. "ఏం చెయ్యమంటావక్కా? పెద్దవాళ్ళు. వీళ్ళకి ఇంకో మూడు స్కూళ్ళున్నాయి. ఆ అడుగంతా ఎత్తి పారబోసెయ్యి, రేపు పాలరాయి పోస్తాను. ఆ తరవాత... కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉండు. నేనే ఫోన్ చేస్తాను."

ఫోన్ చెయ్యడని ఇద్దరికీ తెలుసు. అతను బండెక్కి వెళ్ళిపోయాడు.

పేరెంట్స్ మీటింగు పై అంతస్తులో మొదలైంది. మైకులో సీతారామలక్ష్మి గారి గొంతు కింద హాల్లోకి వినిపిస్తోంది. తబిత తొట్టె నీళ్ళు పైపుతో దింపేసి, చేపలని ప్లాస్టిక్ సంచిలో పెట్టి కట్టింది. పసుపు గ్లవ్స్ పంపు దగ్గర మేకుకి వేలాడుతున్నాయి. వాటికేసి చూసి, జాకెట్ చేతులు పైకి లాక్కుని ఒట్టి చెయ్యి అడుగులో పెట్టింది.

పెట్టీ పెట్టగానే చెయ్యి చెప్పింది. సబ్బు నీళ్ళలో పెట్టినట్టు జారింది. వేళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటే జిడ్డుగా, మెత్తగా ఉన్నాయి. అరిగిన గోళ్ళ అంచున సన్నగా మంట మొదలైంది. తబితకి ఆ జారుడు తెలుసు. నడక రాకముందు నుంచీ తెలుసు. అయినా నమ్మలేక ఒక తెల్ల పలుకు తీసి నాలుక చివర పెట్టుకుంది.

చురుక్కుమంది.

పలుకు ఉమ్మేసింది. తను ఏమన్నదో మాటకి మాట గుర్తొచ్చింది. ఆ చేపలకి సున్నం కావాలి నాన్నా. ముఖ్యంగా తెల్లగా ఉండాలి. ఎకరాల చెరువుల్లో బస్తాలకి బస్తాలు సున్నం చల్లితే చేపలు నిగనిగలాడుతూ పెరగడం చూసిన మనిషి, గుల్లని కాల్చక ఇంకేం చేస్తాడు? పలుకు పైపైన కాలి లోపల పచ్చిగా ఉంది, అందుకే వెనిగర్‌కి నురగ వచ్చింది. పైన కడిగినంత మేరా పోయింది. మిగిలింది ఆదివారమంతా తీరిగ్గా ఆ కాసిని నీళ్ళలోకి దిగి క్షారం పెంచేసింది.

పైకి వెళ్ళి చెప్పొచ్చు. ఫినాయిల్ కాదండి, ఇదిగో ఇది. చెబితే గణేష్‌బాబు అబద్ధం తేలిపోతుంది. తబిత గుప్పెడు గుల్ల పట్టుకుని మెట్ల దాకా నడిచింది కూడా. తరవాత వాళ్ళు అడగబోయేది ఏమిటో తెలుసు. ఎవరు తెచ్చారు? ఎవరు కాల్చారు? చూసుకోవాల్సింది ఎవరు? మూడింటికీ తన ఇంటి మనుషులే జవాబు. గుప్పెట్లోది బకెట్లో వేసి, తొట్టె అడుగు మెరిసేదాకా తుడిచింది. సర్టిఫికెట్ల కవరు తీసుకుంది. హైవే మీద రాజమండ్రి బస్సు ఆగితే ఎక్కలేదు, అవతలి వైపుకి దాటి, నాన్న ఊరివైపు వెళ్ళే రాజోలు బస్సు ఎక్కింది.

*

దార్లో చెప్పాల్సినవన్నీ వరసగా పేర్చుకుంది. ఎందుకు కాల్చావు నాన్నా? ఒక్కమాట అడగొద్దా? నా నోటి దగ్గరిది... గట్ల మీంచి నడుస్తూ పైకి అంటూనే ఉంది. ముసురు పట్టింది, చినుకులు పడుతున్నాయి.

దూరం నుంచే బట్టీ నోట్లోంచి పొగ కనిపించింది. గడ్డి పీకేసి ఉంది. అప్పారావు పొడవాటి కర్రతో బూడిద లాగుతున్నాడు. కూతురిని చూసి కర్ర వదిలేశాడు.

"వచ్చావా! ఫోన్ చేద్దామనుకుంటూనే ఉన్నా, నువ్వు ఉద్యోగంలో ఉంటావేమోనని ఆగాను. తెల్లగా ఉందన్నారా?"

"అన్నారు" అంది తబిత. అది నిజమే.

ముసలాయన పగలబడి నవ్వాడు. "నాకు తెలుసు! నీకు చెప్పలేదు గానీ, నువ్వు ఏరిన గుల్లకి ఆ తెలుపు రాదమ్మా. ఆ రాత్రి పాత బట్టీలో కొబ్బరి డొక్కలేసి ఓ నాలుగు బుట్టలు సన్న సెగ మీద కాల్చి కలిపాను. అంతా కాలిస్తే ఎలా ఉంటుందోనని అప్పుడు భయపడ్డాను. బాగా వచ్చిందన్నావు కదా, అందుకే ఈసారి పూర్తిగా కాల్చాను. చూడు!"

పాకలో యూరియా సంచి ఒకటి మూతి కట్టి ఉంది. విప్పి చూపించాడు. వెన్నలాంటి తెలుపు. ఎనిమిదేళ్ళ తరవాత ఆ బట్టీలో పూర్తిగా కాలిన మొదటి గుల్ల.

"పెద్ద స్కూలంటున్నావు, మళ్ళీ మళ్ళీ కావాలంటారు కదా. మన కిళ్ళీ కొట్టు బుల్లిరాజుతో కూడా చెప్పాను, తబిత చేపలకి మన గుల్లే వాడుతున్నారని. వాడు నమ్మలేదు." ఆయన తడికళ్ళతో కూతురి మొహంలోకి చూశాడు. శుక్లం కంటికి ఆ మొహం ఎంత కనిపించిందో. "ఉద్యోగం ఇచ్చినట్టేనా అమ్మా?"

దారి పొడుగునా పేర్చుకున్న మాటలన్నీ వదిలేసి తబిత సంచి మూతి మళ్ళీ కట్టింది. ఇప్పుడు చెబితే ఈయన మళ్ళీ ఏ బట్టీ ముట్టడు. నాలుక మీద ఏ గుల్లా పెట్టుకోడు. ఎన్నాళ్ళు బతికినా ఆ ఇరవై నాలుగు చేపల్నీ లెక్కపెట్టుకుంటూ మంచం మీద పడుంటాడు.

"ఇచ్చారు నాన్నా. ఫొటో కూడా తీసుకున్నారు."

"దేవుడున్నాడు" అన్నాడు అప్పారావు. బూడిద చేతులతో ఆమె తల నిమరబోయి, ఇస్త్రీ చీర చూసి ఆగిపోయాడు.

సంచి వద్దనడానికి సాకు దొరకలేదు. ఆయనే భుజం మీద వేసుకుని రోడ్డు దాకా మోసుకొచ్చాడు. గట్టు మీద చెరువులో గుమ్మరించేద్దామని వెనక నడుస్తూ ఆమె అనుకుంది. ఆయన ముందుండగా ఎలా గుమ్మరిస్తుంది? బస్సులో సీటు కింద పెట్టించి, తడవనీకు అని మరీ మరీ చెప్పాడు.

చినుకు వానై కూర్చుంది. బస్సు కిటికీల్లోంచి జల్లు లోపలికి కొట్టింది, నేలమీద నీళ్ళు అటూ ఇటూ పారుతున్నాయి. మల్కిపురం దాటాక తబిత పాదాలకి వేడి తగిలింది. చూస్తే సంచి ఉబ్బింది. కుట్లలోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. పక్కనున్నావిడ కాళ్ళు పైకి ముడుచుకుని కేకేసింది.

కండక్టరు వచ్చాడు. "ఏంటమ్మా అది? పొగలొస్తున్నాయి!"

"గుల్లండి. మా నాన్న ఇచ్చాడు."

"సున్నపు రాయా? తడిస్తే బస్సు తగలబడదా! దిగండి, దిగండి. ఆపన్నా!"

ఎవరో చెయ్యి వెయ్యకపోతే ఆ సంచి దిగేది కాదు. ఒకతను తువ్వాలు చుట్టుకుని మెట్ల మీంచి కిందికి తోశాడు. బస్సు వెళ్ళిపోయింది. రోడ్డు పక్క షెల్టరులో సిమెంటు బల్ల మీద తబిత కూర్చుంది. సర్టిఫికెట్ల కవరు ఒళ్ళో ఉంది. సంచి ఆమె కాళ్ళ దగ్గర బుసబుసమంటోంది. అటు పంట కాలవ, ఇటు చేపల చెరువు. దాన్ని పారబొయ్యడానికి చోటు లేదు.

ఫోన్ మోగింది. అప్పారావు.

"సీటు దొరికిందా అమ్మా? వాన గట్టిగా ఉంది."

"దొరికింది నాన్నా. కూర్చునే ఉన్నాను."

"సంచి జాగ్రత్త. తడవనీకు."

"తడవనివ్వను."

ఫోన్ పెట్టేసింది. ఆ ఒక్క మాటైనా నిజం చేద్దామని లేచి, సంచిని రెండు చేతులతో పట్టి గోడవారకి లాగింది. అది ఇంకా వేడిగానే ఉంది.